యాకోబు అనే పేరులో దోషం లేదు

సంపాదకులకు నమస్కారాలు.

గత నెల మీ పత్రిక ఆదివారం అనుబంధంలో పిల్లలకు పెట్టదగిన బైబిలు పేర్లను, వాటి అర్థాలను ఒక పట్టికగా ప్రచురించారు. హెబ్రీ పేర్ల గురించి మన పత్రికల్లో నాలుగు మాటలు రావడమే అరుదు కనుక సంతోషంగానే చదవడం మొదలుపెట్టాను. కానీ యాకోబు ఎదురుగా ‘మోసగాడు’ అని, మరియ ఎదురుగా ‘చేదు’ అని, యబ్బేజు ఎదురుగా ‘వేదన’ అని ఒక్కొక్క మాట మాత్రమే వేసి, ఇటువంటి పేర్లు పెట్టకపోవడమే మేలని పట్టిక చివర సలహా ఇవ్వడం చూసి మనసు నొచ్చుకుంది. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత ఒక వేదాంత కళాశాల అధ్యాపకుని దగ్గర కూర్చొని హెబ్రీ అక్షరాలు దిద్దుకొని, రెండేళ్లపాటు ఆదికాండాన్ని మూలంలో చదువుకున్నవాణ్ని. ఆ కొద్దిపాటి చదువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం దీర్ఘమైనా ప్రచురించమని కోరుతున్నాను, ఎందుకంటే ఇది పట్టికలో ఒక వరుసను సరిదిద్దుకుంటే తీరిపోయే విషయం కాదు.

మా ప్రకాశం జిల్లాలో నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఉంది. తాత చనిపోయిన ఏడాదే మనవడు పుట్టాడని, ఆయన పేరు నిలబడాలని ఆ బిడ్డకు యాకోబు అని పెట్టుకున్నారు. ఇప్పుడతనికి ఇరవై ఆరేళ్లు. డిగ్రీ పూర్తయినా ఉద్యోగం కుదరలేదు, రెండు పెళ్లి సంబంధాలు మాటల దాకా వచ్చి తప్పిపోయాయి. ఒక ఉజ్జీవ సభలో ప్రార్థన కోసం ముందుకు వెళితే, ప్రసంగీకులు అతని పేరు అడిగి, ఆ పేరుకు మోసగాడని అర్థమనీ, పేరుతో పాటు ఆ శాపం కూడా వెంట వస్తోందనీ, పేరు మార్చుకుంటే గాని మేలు జరగదనీ వందల మంది ఎదుట చెప్పారు. నెల తిరగకముందే మీ అనుబంధం వారింటికి వెళ్లింది. ప్రసంగీకులు చెప్పిన మాటే అచ్చులో కనిపించేసరికి ఇంట్లోవాళ్లు దాన్ని నిజమని నమ్మేశారు. గెజిట్‌లో పేరు మార్పు కోసం పూర్తి చేసిన దరఖాస్తు పట్టుకొని, “మాస్టారూ, ఇందులో తప్పులేమైనా ఉన్నాయేమో చూడండి” అని అతను మా ఇంటికి వచ్చాడు. కొత్త పేరు రాయవలసిన చోట మాత్రం ఖాళీగా ఉంది.

యాకోబు అనే పేరుకు మోసగాడని అర్థం చెప్పినది ఎవరు? ఆదికాండము ఇరవై అయిదో అధ్యాయంలో ఆ బిడ్డ పుట్టినప్పుడు చెప్పిన సంగతి ఒక్కటే. అన్న ఏశావు మడమను చేతితో పట్టుకొని వచ్చాడు, కనుక ఆ పేరు పెట్టారు. హెబ్రీలో మడమను ఆకేవ్ అంటారు, యాకోబు ఆ భాషలో యాకోవ్. పుట్టిన బిడ్డను చూసి ఇంట్లోవాళ్లు మురిపెంగా అనుకునే మాట అది. మోసమనే అర్థం వచ్చేది రెండు అధ్యాయాల తర్వాత, అదీ ఏశావు నోట. తండ్రి దీవెన తనకు రాకుండా పోయిందని తెలిసి, బిగ్గరగా ఏడుస్తూ, తమ్ముడికి ఆ పేరు సరిగ్గానే సరిపోయిందనీ, తనను రెండుసార్లు మోసపుచ్చాడనీ అతడు అంటాడు. ఆ ధాతువుకు మడమ పట్టి పడదోయడమనే అర్థం కూడా ఉంది కనుక ఆ మాట చెల్లింది. ఏశావు దుఃఖం నిజమైనదే, యాకోబు చేసినది తప్పే. గ్రంథం దాన్ని ఏమాత్రం దాచలేదు. అయినా దెబ్బతిన్న అన్న కోపంలో అన్న మాటను ఆ పేరుకు ఏకైక అర్థంగా పట్టికలో వేస్తే, తల్లిదండ్రులు పెట్టుకున్న అర్థాన్ని చెరిపేసి తిట్టును మిగిల్చినట్టవుతుంది. పైగా ఈ పేరుకు బైబిలు వెలుపల కూడా సాక్ష్యాలు ఉన్నాయి. ఈజిప్టు రాజు మూడవ తుత్మోసు కర్ణాక్ ఆలయం గోడల మీద చెక్కించిన కనాను ఊళ్ల జాబితాలో యాకోబ్-ఎల్ అని చదవదగిన పేరొకటి ఉంది. ‘దేవుడు కాపాడును గాక’ అనే పూర్తి పేరుకు యాకోబు సంక్షిప్త రూపమని చాలామంది పండితులు భావించడానికి ఇటువంటి ఆధారాలే కారణం.

అసలు ఆ పేరు కథ ముప్పై రెండో అధ్యాయంలో యబ్బోకు రేవు దగ్గర తేలుతుంది. హెబ్రీలో చదివితే అక్కడ మూడు మాటలు ఒకదానికొకటి ప్రతిధ్వనిస్తాయి: మనిషి పేరు యాకోవ్, ఏటి పేరు యబ్బోక్, పెనుగులాడెను అనే క్రియ యేఆవేక్. మన కవులు దీన్ని చూసి ఉంటే వృత్త్యనుప్రాస అని మెచ్చుకునేవారు. తెల్లవారేదాకా పెనుగులాడిన ఆ అపరిచితుడు “నీ పేరేమి” అని అడుగుతాడు. తెలియక అడిగిన ప్రశ్న కాదది. ఎన్నో ఏళ్ల క్రితం చూపు మందగించిన తండ్రి మంచం మీద నుంచి నీవెవరవని అడిగినప్పుడు ఇదే మనిషి, నేను ఏశావును, నీ జ్యేష్ఠ కుమారుణ్ని అని జవాబిచ్చాడు. ఇప్పుడు రెండోసారి అదే ప్రశ్న ఎదురైనప్పుడు ఒకే ఒక మాట అంటాడు: యాకోబు. తన పేరు తాను చెప్పుకోవడమే అక్కడ పాపపు ఒప్పుకోలు అయింది. ఇశ్రాయేలనే కొత్త పేరు దక్కింది ఆ ఒప్పుకోలు తర్వాతే. తన పేరును దాచిపెట్టినవాడికి అది దక్కలేదన్న సంగతిని ఆ ప్రసంగీకులు ఆ కుర్రవాడికి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మరొక సంగతి కూడా గమనించాలి. అబ్రాము అబ్రాహాము అయ్యాక పాత పేరు వెనుకబడిపోతుంది, గతాన్ని చెప్పుకొనే ఒకటి రెండు చోట్ల తప్ప మళ్లీ వినిపించదు. యాకోబు విషయంలో అలా జరగలేదు. ఇకమీదట నీ పేరు యాకోబు అనబడదని చెప్పిన దేవుడే, నలభై ఆరో అధ్యాయంలో ముసలితనంలో ఈజిప్టుకు బయలుదేరిన ఆ మనిషిని రాత్రి దర్శనంలో “యాకోబూ యాకోబూ” అని పిలుస్తాడు. మండుతున్న పొదలోంచి మోషేకు తనను తాను పరిచయం చేసుకున్నప్పుడు అబ్రాహాము దేవుడను, ఇస్సాకు దేవుడను, యాకోబు దేవుడను అన్నాడు. కొత్త పేరు చేతిలో ఉన్నా పాత పేరునే పక్కన ఉంచుకున్నాడు. ఇరవయ్యో కీర్తన “యాకోబు దేవుని నామము నిన్ను ఉద్ధరించును గాక” అని దీవిస్తుంది. మన సంఘాలలో ఆదరణ వాక్యంగా తరచు వినిపించే యెషయా నలభై మూడో అధ్యాయపు మాట, “పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు” అన్నది, ఎవరిని ఉద్దేశించి చెప్పినదో ఆ వచనం మొదటికి వెళ్లి చూడండి. “అయితే యాకోబూ” అనే ఉంది.

హెబ్రీ గ్రంథంలో పేర్లకు చెప్పిన అర్థాలు ఎటువంటివో అర్థం చేసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. పుత్రుడంటే పున్నామ నరకం నుంచి రక్షించేవాడని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. కృష్ణానది కొండకు బెజ్జం చేసుకొని పారింది కనుక బెజ్జంవాడ, అదే బెజవాడ అయిందని స్థలపురాణం చెబుతుంది. భాషాశాస్త్రం ఈ నిర్వచనాలను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కొడుకును మన పూర్వులు ఎలా చూశారో, ఆ నదినీ కొండనూ చూసి ఆ ఊరివాళ్లు ఏమనుకున్నారో ఇవి చెబుతాయి. హెబ్రీ కథకులది కూడా ఇదే పద్ధతి. నోవహు పేరు విశ్రాంతిని చెప్పే ధాతువుకు దగ్గర, కానీ అతని తండ్రి నెమ్మదినీ ఓదార్పునూ చెప్పే వేరొక ధాతువుతో దాన్ని వివరిస్తాడు. హన్నా తన బిడ్డను దేవుణ్ని అడిగి పొందాను కనుక సమూయేలని పేరు పెట్టానంటుంది. అడగబడినవాడనే అర్థం అక్షరాలా సరిపోయేది సౌలుకు. పిల్లల కోసం గుడిలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థించి, తాగి వచ్చిందని యాజకునితో మాట పడిన స్త్రీ అడిగాను అనకుండా ఇంకేమంటుంది? ఆమె మాటలోని తప్పొప్పులు వ్యాకరణం చెప్పవచ్చు, దాని బరువు చెప్పేది మాత్రం ఆ కథే.

మోషే పేరు మరీ ఆశ్చర్యకరం. నీటిలోంచి తీశాను కనుక ఈ పేరు పెట్టానని ఫరో కుమార్తె అంటుంది. ఈజిప్టు రాకుమార్తె హెబ్రీలో శ్లేష చెప్పడం వింతే. ఆమె భాషలో ఆ ధ్వనికి ‘పుట్టినవాడు, బిడ్డ’ అని అర్థం, తుత్మోసు, రామెసేసు వంటి రాజుల పేర్ల చివర ఉన్నది అదే. అక్కడ ముందు ఒక దేవత పేరు ఉంటుంది, ఇక్కడ ఏదీ లేదు, బిడ్డ మాత్రమే. ఇక హెబ్రీ వ్యాకరణం ప్రకారం చూస్తే మోషే అనే రూపానికి ‘తీయబడినవాడు’ అని కాక ‘తీసేవాడు’ అనే అర్థమే వస్తుంది. నీళ్లలోంచి తీసిన బిడ్డ ఒకనాడు ఒక జనాన్నంతటినీ సముద్రం మధ్యలోంచి దాటించి తీసుకువస్తాడు. ఆమెకు తెలియకుండానే ఆమె నోట ఆ మాట పలికింది. ఆధ్యాత్మిక అర్థం అనే మాటను నేను వాడదలిస్తే ఇటువంటి చోటనే వాడతాను.

ఇక వేదన పేర్ల సంగతి. మన పల్లెల్లో పెంటయ్యలు, పెంటమ్మలు, తిరిపెమ్మలు ఎంతమంది ఉండేవారో పెద్దవాళ్లకు గుర్తే. ఆ పేర్లు విని ఎవరూ వాళ్లను చెత్త అనుకోలేదు. అంతకుముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, ఈ బిడ్డనైనా మృత్యువు పట్టించుకోకుండా ఉండాలని, ఆ తల్లి కడుపుకోతతో పెట్టుకున్న పేరని ఊరందరికీ తెలుసు. దినవృత్తాంతాల మొదటి గ్రంథం నాలుగో అధ్యాయంలో యబ్బేజు తల్లి చేసినది కూడా అదే. వేదనతో కన్నాను కనుక ఆ పేరు పెట్టానంది. ఆ పేరు అతనికి విధి కాలేదు. తన సహోదరులందరికంటె ఘనత పొందినవాడని గ్రంథం ముందుగానే చెప్పింది, కీడు తనకు రాకుండా అతడు చేసిన ప్రార్థనను దేవుడు విన్నాడనీ చెప్పింది. పేరు మార్చుకోమని మాత్రం ఎవరూ అతనితో అనలేదు.

రూతు గ్రంథంలో నయోమి మాట మరింత లోతైనది. భర్తనూ ఇద్దరు కొడుకులనూ మోయాబులో పోగొట్టుకొని బేత్లెహేముకు తిరిగివచ్చిన ఆమె, ఊరి ఆడవాళ్లు గుర్తుపట్టి పలకరిస్తే, “నన్ను నయోమి అనక మారా అనుడి” అంటుంది. నయోమి అంటే మధురమైనది, మారా అంటే చేదు. తనకు తాను చేదు పేరు పెట్టుకుంది, దేవుడే తనకు దుఃఖం కలిగించాడని ఎత్తిచూపింది. ఆమెను గ్రంథం మందలించదు. కానీ మారా అని ఒక్కసారి కూడా పిలవదు. తర్వాతి వాక్యం నుంచే ఆమె మళ్లీ నయోమి. చివరి అధ్యాయంలో రూతుకు బిడ్డ పుట్టినప్పుడు ఆ ఊరి ఆడవాళ్లే, నయోమికి కొడుకు పుట్టాడని చెప్పుకుంటూ ఆ బిడ్డకు పేరు పెడతారు. ఆమె వద్దన్న పేరును ఊరు దాచిపెట్టి, తగిన రోజు వచ్చాక తిరిగి ఇచ్చినట్టుంటుంది. యాకోబు భార్య రాహేలు కాన్పులో ప్రాణం పోతూ బిడ్డకు బెనోని, నా దుఃఖపుత్రుడు అని పేరు పెడితే, యాకోబు దాన్ని బెన్యామీను, అంటే కుడిచేతి కుమారుడు అని మార్చాడు. తల్లి పెట్టిన పేరును కూడా గ్రంథం పోగొట్టకుండా రాసిపెట్టింది.

మరియ పేరు గురించి ఎక్కువ చెప్పను. అది హెబ్రీలో మిర్యాము, మోషే అక్క పేరు. ‘చేదు’ అన్నది ఆ పేరుకు చెబుతూ వచ్చిన అర్థాల్లో ఒకటి మాత్రమే. ఈజిప్టు భాషలో ప్రేమను చెప్పే ధాతువు నుంచి వచ్చిందనే పండితులూ ఉన్నారు. మన మరియమ్మలెవరూ మీ పట్టిక చూసి దిగులుపడవలసిన పని లేదు.

దీనికి పూర్తిగా భిన్నంగా కనిపించినా, నిజానికి ఇదే పొరపాటు నుంచి పుట్టిన మరో అలవాటు గురించి కూడా చెప్పాలి. ఆదికాండము అయిదో అధ్యాయంలోని పది పేర్లను, ఆదాము, షేతు, ఎనోషు, కేయినాను, మహలలేలు, యెరెదు, హనోకు, మెతూషెల, లెమెకు, నోవహు, వరుసగా పేర్చి, వాటి అర్థాలు కలిపితే సువార్త అంతా ఒక వాక్యంగా వస్తుందని చెప్పే సందేశం వాట్సాప్‌లో ఏటా తిరుగుతూనే ఉంటుంది. ప్రసంగాలలోనూ విన్నాను. మొదటిసారి విన్నప్పుడు నాకూ ఒళ్లు పులకరించింది. తర్వాత మూలం చదివినప్పుడు ఆ పులకరింత నిలవలేదు. మెతూషెలకు ‘అతని మరణము పంపును’ అని అందులో అర్థం చెబుతారు, కానీ పేరు మొదట ఉన్న మెతూ అన్నది పురుషుణ్ని చెప్పే పాత మాట, తర్వాతి భాగం ఈటె వంటి ఆయుధాన్ని చెప్పే మాట. కేయినానుకు ‘దుఃఖము’ అనడానికి ప్రలాపగీతాన్ని చెప్పే మరొక హెబ్రీ మాటతో ధ్వని కొంత కలవడమే ఆధారం, కానీ ఆ పేరు కయీను పేరుకు దగ్గరి చుట్టం. లెమెకుకు హెబ్రీలో నిశ్చయమైన అర్థమే లేదు, అక్కడ ‘నిరాశ’ అన్న మాట తెచ్చి అతికించారు.

ఇలా చెప్పినందుకు భక్తిగల మిత్రులు కొందరు నా మీద కోపగించుకున్నారు. వారితో ఒకే మాట అన్నాను. మెతూషెల గురించి ఆ అధ్యాయం నిజంగా చెప్పే సంగతి లెక్కలోనే ఉంది. లెమెకును కన్నప్పుడు అతనికి 187 ఏళ్లు, లెమెకు నోవహును కన్నప్పుడు 182 ఏళ్లు, జలప్రళయం నాటికి నోవహుకు 600 ఏళ్లు. మూడూ కలిపితే 969, మెతూషెల బతికినన్ని ఏళ్లు. మనుషులందరిలో ఎక్కువకాలం బతికినవాడి ఆయుష్షు ప్రళయం వచ్చిన ఏడాదితో ముగుస్తుంది. ఇంత గంభీరమైన విషయాన్ని గ్రంథం మన కళ్లముందే పెట్టి ఉండగా, దాన్ని కూడి చూసుకోకుండా పేరును ముక్కలు చేసి లేని వాక్యాన్ని వెదకడం ఎందుకు? యాకోబు పేరులో శాపాన్ని చూసినవారూ, మెతూషెల పేరులో గుప్తలేఖను చూసినవారూ ఇద్దరూ కథను పక్కన పెట్టి పేరును తాయెత్తులా పట్టుకున్నారు.

నిజంగా మూలంలో ఉండి, అనువాదంలో మన కంటపడకుండా పోయే సంపద ఎంతో ఉంది. హేబెలు పేరు హెబ్రీలో హెవెల్. దానికి ఆవిరి, చలికాలం ఉదయం నోట వచ్చి మాయమయ్యే ఊపిరి అని అర్థం. ప్రసంగి గ్రంథంలో ముప్పై ఎనిమిది సార్లు వచ్చే మాట అదే, మన బైబిలులో దాన్ని వ్యర్థము అని అనువదించారు. “వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే” అని చదువుతున్న తెలుగు పాఠకుడికి అక్కడ అన్న చేతిలో పొలంలో చనిపోయిన ఆ తమ్ముడి పేరు వినిపించదు. బతికి ఉండగా అతడు మాట్లాడిన మాట ఒక్కటీ ఆదికాండంలో లేదు. చనిపోయాకనే అతని రక్తం నేలలోంచి మొరపెట్టింది. ఏలీయా అంటే ‘నా దేవుడు యెహోవా’. కర్మెలు కొండ మీద, బయలు అనే దేవతను కొలిచే ప్రవక్తల ఎదుట, నిజమైన దేవుడెవరని తేలవలసిన ప్రశ్నకు జవాబే అతని పేరు, చివరకు జనమంతా సాగిలపడి యెహోవాయే దేవుడు అని కేకలు వేసినప్పుడు తెలియకుండానే వారు అతని పేరును పలికారు. మీకా అంటే ‘యెహోవా వంటివాడెవడు’. దోషాన్ని పరిహరించడంలో నీతో సమానుడైన దేవుడెవడని అతని గ్రంథం చివరి మాటల్లో అడుగుతుంది.

హోషేయ ప్రవక్త కుమార్తె పేరు లోరూహామా, కుమారుడి పేరు లోఅమ్మీ. జాలి పొందనిది, నా జనము కాదు. హెబ్రీ మాట ‘లో’కు ‘కాదు, లేదు’ అని అర్థం, మన భాషలోని ‘లో’ దానికి దాదాపు వ్యతిరేకమైన భావాన్ని ఇవ్వడం యాదృచ్ఛికమే అయినా చదివిన ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది. రెండో అధ్యాయం మొదట్లోనే ఆ ‘లో’ రాలిపోతుంది. అమ్మీ, రూహామా అని పిలవమంటాడు దేవుడు. పేరు మార్చనక్కరలేదు, దాని ముందున్న ‘కాదు’ను తీసేస్తే చాలు.

హాగరు గురించి రాయకుండా ఉండలేను. ఆదికాండము పదహారో అధ్యాయంలో శారయి, అబ్రాము ఆమె గురించి మాట్లాడినప్పుడల్లా నా దాసి, నీ దాసి అన్నారే గాని ఒక్కసారి కూడా పేరు పలకలేదు. శ్రమలు భరించలేక కడుపుతో అరణ్యానికి పారిపోయిన ఆమెను నీటి ఊట దగ్గర దూత పేరుపెట్టి పిలిచాడు. పుట్టబోయే బిడ్డకు ఇష్మాయేలు, ‘దేవుడు వింటాడు’ అని పేరు పెట్టమన్నాడు. అప్పుడామె తనతో మాట్లాడిన దేవునికే పేరు పెట్టింది: “చూచుచున్న దేవుడవు నీవే.” దేవునికి ఇలా పేరు పెట్టిన మనిషి మరొకరు బైబిలులో కనిపించరు. పెట్టినది ఒక దాసి, అన్యదేశపు స్త్రీ.

ఈ కథ మన సంఘాల పెద్దవాళ్లకు వేరుగా వినిపించడానికి కారణం ఉంది. 1876లో మొదలైన పెద్ద కరవు తర్వాత, 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది ఊరి బయట వాడల్లో బతికినవారు. నిండు పేరుతో మర్యాదగా పిలిపించుకోవడం తెలియనివారు. ఆ తరం మనవలకు, మునిమనవలకు దేవదానం, దేవసహాయం, కృపావరం, ఆశీర్వాదం, కరుణ, శాంతి అనే పేర్లు వచ్చాయి. ఇవి తెలుగులో పుట్టిన హెబ్రీ పేర్లని నేను ధైర్యంగా చెబుతాను. మత్తయి, నతనయేలు అంటే దేవుని దానమే. లాజరు అన్నది ఎలియాజరుకు గ్రీకు రూపం, దేవుడు సహాయం చేశాడని అర్థం. యోహాను, హన్నా పేర్లలో ఉన్నది కృప. బారూకు అంటే ఆశీర్వదింపబడినవాడు. సొలొమోను పేరులో ఉన్నది శాంతి.

ఇది నా ఊహ కాదనడానికి పక్క రాష్ట్రపు ఉదాహరణ ఒకటి చాలు. తిరువాన్కూరు సంస్థానంలో నీలకంఠ పిళ్ళై 1745లో బాప్తిస్మం పొందినప్పుడు ఆయనకు లాజరు పేరును తమిళంలోకి మార్చి దేవసహాయం అని పెట్టారు. 2022లో పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించింది ఆ పేరుతోనే. లూకా సువార్త పదహారో అధ్యాయపు ఉపమానంలో ధనవంతునికి పేరు లేదు, వాకిట కురుపులతో పడి ఉన్న దరిద్రునికి లాజరు అనే పేరు ఉంది. అదే ఉపమానంలో కనిపించే అబ్రాహామును మినహాయిస్తే, యేసు చెప్పిన ఉపమానాలలో పేరున్న మనిషి ఇతడొక్కడే. మనుషుల సహాయం ఏదీ అందని ఆ మనిషి పేరు దేవసహాయం. మన పెద్దలు నిఘంటువులు తిరగేసి ఈ పేర్లు పెట్టలేదు, కథ విని పెట్టారు.

సంపాదకులకు నా విన్నపం చిన్నదే. ఆ పట్టికను మళ్లీ ప్రచురించే అవకాశం ఉంటే ప్రతి పేరు పక్కన ఒంటి మాట అర్థానికి బదులు ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ అధ్యాయంలో పెట్టారో వేయండి. పెట్టకూడని పేర్లు అన్న సలహాను తొలగించండి. ఆ దరఖాస్తు ఇంకా నా బల్ల మీదే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక అతను మళ్లీ వచ్చాడు. ఇద్దరం కూర్చొని యెషయా నలభై మూడో అధ్యాయం చదువుకున్నాం, మొదటి వచనాన్ని అతను రెండుసార్లు చదివాడు. కాగితం తిరిగి ఇమ్మని అడగలేదు, చించేయమనీ అనలేదు. వాళ్ల అమ్మగారు మాత్రం పత్రికలో పడిన మాటను పత్రికే సరిదిద్దాలని కబురు పంపారు. మీ సవరణ వస్తే ఆ కత్తిరింపును నేనే వారింటికి తీసుకువెళ్లి ఇస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
ప్రకాశం జిల్లా.